పాలు తాగని గోడ

మహతాబ్‌కోట ఒకప్పుడు సుల్తానుల రాజధాని. ఇప్పుడు బస్సు దిగగానే కూలిన బురుజులు, వాటి వెనుక కమానులు, అన్నిటికీ పైన సుల్తాను సమాధి మీది పెద్ద గుమ్మటం కనిపిస్తాయి. ఆ సమాధికి మూడు వైపుల గోడలు అద్దంలా మెరుస్తుంటాయి. పడమటి గోడ మాత్రం గరుకుగా, మేకతోలులా ఉంటుంది. ఖజానా ఖాళీ అయి వదిలేశారని కొందరు గైడ్లు చెబుతారు. నమ్మవద్దు. ఆ గోడకు ఎదురుగా ఉన్న చిన్న పచ్చ దర్గా గిన్నెల పీరుది. అసలు కారణం అక్కడే ఉంది.

పూర్వం ఇక్కడ దర్గా లేదు. బీరవ్వ అనే గొల్ల ముసలామె మేకల దొడ్డి ఉండేది. ఒక ఫకీరు ఆ దొడ్డి పక్కనే మకాం పెట్టాడు. రోజూ మట్టిగిన్నె పట్టుకొని వచ్చి "బీరవ్వా, పాలు" అనేవాడు. ఉంటే పోసేది. లేకపోతే "ఇయ్యాల లేవు, పో" అనేది. ఆయన నవ్వి, గిన్నె బోర్లించి వెళ్లిపోయేవాడు. ఆయన పోయాక అక్కడే సమాధి చేశారు. సుల్తాను మొదలు సున్నం దంచే కూలీల దాకా అందరూ ఆ పీరుకు మొక్కేవారు. ఆయన గిన్నె సమాధి మీదే ఉండేది.

కొన్నాళ్లకు సుల్తాను తన సమాధి తానే కట్టించుకోవడం మొదలుపెట్టాడు. వెన్నెల్లో అది రెండో చంద్రుడిలా కనబడాలని ఆయన పట్టుదల. గోడల పూతకు గానుగలో రుబ్బిన డంగు సున్నంలో కరక్కాయ నీళ్లు, బెల్లం, గుడ్ల సొన కలిపేవారు. చివరి పూత మెరవాలంటే పాలు కలపాలి. మూడు గోడలు పూర్తయ్యేసరికి కరువు వచ్చింది. మేత లేక ఆవులు, గేదెలు వట్టిపోయాయి. తల్లుల దగ్గరా పాలు ఆరిపోయాయి. ముళ్లకంపలు మేసి బతికే బీరవ్వ మేకలే ఇంకా పాలిస్తున్నాయి. మేస్త్రీల వాడలోని పసిపిల్లలందరికీ ఆ పాలే ఆధారం. తల్లిలేని పసివాడు, బీరవ్వ మనవడూ వారిలో ఒకడు.

ఒక ఉదయం సుల్తాను జమాదారు పెద్ద ఇత్తడి అండాలు మోయించుకొని దొడ్డికి వచ్చాడు.

"ఇవాళ్టి నుంచి పాలన్నీ గోడకే, ముసలీ," అన్నాడు.

"గోడకింకా పండ్లు రాలేదా బిడ్డా, పాలే తాగుతదా?"

"వెక్కిరింతలు నా దగ్గర కాదు. సర్కారు ముందర చెప్పు."

"చెప్త. నడువు."

సుల్తాను పడమటి గోడ దగ్గరే ఉన్నాడు. చెడ్డవాడు కాదు గాని, కాదన్న మాట విని ఎరగడు. మేస్త్రీలు, వారి ఆడవాళ్లు చుట్టూ చేరారు. అంతమంది ముందు బలవంతం చేస్తే బాగుండదని ఆయన వేరే దారి పట్టాడు.

"ఇది నా కోరిక కాదు," అన్నాడు. "పీరు నా కలలోకి వచ్చి, బీరవ్వ పాలతో గోడ పూర్తి చెయ్యమన్నాడు."

జనం చప్పబడిపోయారు. బీరవ్వకు సంగతి అర్థమైంది. పీరు మాట కాదంటే తన వెనుక నిలబడ్డ వాళ్లే వెనక్కి తగ్గుతారు. సరేనంటే మనవడు దక్కడు.

"పీరుకు నా దొడ్డి తెల్వదా, దొరా?" అంది. "ఇన్నేండ్లు నన్నే అడిగిండు. పాలు నాయైతే కల నీకెందుకు వడ్డది?"

గోడకు కట్టిన సారువ కర్రల మీద ఎవరో కిసుక్కున నవ్వారు. సుల్తాను ముఖం కందగడ్డ అయింది.

"అయితే పోయి ఆయన దగ్గరే పడుకో. పీరు మాటే నీకూ నాకూ ఆఖరు."

"నీ నోటితోనే అన్నవు. అందరు విన్నరు."

ఆమె వెళ్లి సమాధి పక్కన, ఎండలోనే కొంగు పరుచుకొని పడుకుంది. ఇంటింటికీ పాలు మోసి మోసి అలసిన ఒళ్లు, వెంటనే నిద్ర పట్టింది. సుల్తాను గొడుగు కింద కూర్చున్నాడు. గుమ్మటం నీడ తూర్పుకు తిరిగాక ఆమె లేచి, పీరు గిన్నె చేత పట్టుకొని వచ్చింది.

"వచ్చాడా?" అన్నాడు సుల్తాను.

"వచ్చిండు."

"పాలు అడిగాడా?"

"అడిగిండు. గోడకే అడిగిండు."

ఆడవాళ్ల ముఖాలు వాడిపోయాయి. సుల్తాను అండాలు ఎత్తమని జమాదారుకు సైగ చేశాడు.

"ఆగు. ఆయన అడిగింది చెప్పిన, నేనన్నది చెప్పలే. ఇయ్యనన్న."

"పీరుకే ఇవ్వనన్నావా?"

"బతికున్నప్పుడు ఎన్నిసార్లు అనలే? ఎప్పటి లెక్కనే నవ్విండు, గిన్నె బోర్లిచ్చి పోయిండు." ఆమె చేతిలోని గిన్నెను సుల్తాను పాదాల ముందు బోర్లించింది. "పీరు మాటే ఆఖరన్నవు. ఆయన ఒప్పుకొని పోయిండు. ఇగ నువ్వు పీరు కంటె పెద్దోనివైతే, మేకల తోల్కపో."

సారువ మీది నుంచి పెద్దమేస్త్రీ నజీముద్దీన్ కిందికి దిగి, తాపీ కడిగి నడుముకు దోపుకొన్నాడు. మిగతావాళ్లూ దిగారు. సుల్తాను గుర్రమెక్కి వెళ్లిపోయాడు. మేకల కోసం మళ్లీ ఎవరూ రాలేదు. పడమటి గోడ పాలు లేకుండానే పూర్తయింది.

బీరవ్వకు నిజంగా కల వచ్చిందా అని అడిగేవారు ఇప్పటికీ ఉన్నారు. సుల్తానుకు వచ్చిందా అని కూడా వారు అడగాలి.

ఆమె మనవడు బతికాడు. దర్గాలో దీపం పెట్టే ముజావర్లు నేటికీ అతని వంశంవారే. ఈ దర్గాలో సమాధి మీద చుక్క పాలు పోయరు. గోడ నునుపు చేయిస్తామని వచ్చిన దాతలను ఊరి ఆడవాళ్లు చాయ్ ఇచ్చి సాగనంపారు.

ఏటా పీరు పేర జరిగే ఉర్సు పండుగ నాడు తల్లులు పిల్లలతో, మట్టిగిన్నెలో పాలతో వస్తారు. ముజావరు చెయ్యి చాచి, "గోడకు కొంచెం పాలియ్యి, బిడ్డా" అని అడుగుతాడు. పిల్ల ఆయన కళ్లలోకి చూసి "ఇయ్యను" అనాలి. పాలన్నీ తానే తాగి, గిన్నెను దర్గా అరుగు మీద బోర్లించాలి. సాయంత్రానికి ఆ అరుగంతా చిన్న చిన్న గుమ్మటాలతో నిండిపోతుంది. అలా చేసిన పిల్లలకు పాలకు కొదవ ఉండదని, పెద్దయ్యాక ఎవరి ముందూ నోరు పడిపోదని నమ్మకం. మాటలు రాని పసివాళ్ల తరఫున తల్లి అనవచ్చు. మొహమాటపడి గిన్నె అందించిన పిల్లల పాలు ముజావరు ముట్టడు. తల్లిని పిలిచి, ఏడాది పాటు ఇంట్లో నేర్పించి మళ్లీ తీసుకురమ్మంటాడు.