గుబురయ్య జ్ఞానోదయం

అనగనగా, ఎండాకాలం వస్తే వాగు కాస్తా ఇసుకమేట అయిపోయే ఒక అడవిలో గుబురయ్య అనే ఎలుగుబంటి ఉండేవాడు. వాడి గోళ్లే ఆ అడవికి దిక్కు. ఏటా వాగు ఎండగానే ఇసుకలో చెలమ తవ్వేవాడు. అందులో ఊరిన నీళ్లే అందరూ తాగేవారు.

ఒక ఏడాది గుబురయ్య మత్తెక్కించే ఇప్పపూలు పీకలదాకా మెక్కి, గుట్ట మీద బండపై ఒళ్లు తెలియకుండా నిద్రపోయాడు. లేచేసరికి లోకమంతా తేలిపోతున్నట్టు అనిపించింది. ఇంకేముంది, "నాకు జ్ఞానోదయమైంది" అని అడవంతా చాటుకుని, కళ్లు మూసుకుని కూర్చున్నాడు.

కోతి వచ్చింది. "మామా, వాగు ఎండింది. చెలమ తవ్వవా?"

"జ్ఞానోదయమైనవాడు మట్టి ముట్టుకోడురా" అన్నాడు గుబురయ్య.

జింక వచ్చింది. "అన్నా, నా పిల్ల దాహంతో పడిపోయింది, లేవడం లేదు. నీకు దణ్ణం పెడతా, కాస్త ఇసుక తియ్యి."

"దాహం దేహానిదమ్మా, ఆత్మది కాదు" అన్నాడు. ఆ మాట తనకే మహా ముచ్చటగా తోచి, మరోసారి అన్నాడు. జింక ఏడుస్తూ పోయి గిట్టలతో ఇసుక గీకసాగింది. తీసిన ఇసుకంతా మళ్లీ గుంటలోకే జారిపోయింది.

చివరికి ముసలి ముళ్లపంది వచ్చి చతికిలబడింది. "నాయనా, జ్ఞానోదయమంటే ఏంటో చెప్పు, విని పోతాను."

"తెలియనిది తెలియడం అవ్వా."

"అలాగా. మరి నీకేం తెలిసింది?"

గుబురయ్య లోపలంతా వెతికాడు. చీకటి, కాస్త ఇప్పపూల వాసన తప్ప ఏమీ దొరకలేదు. పైగా గొంతు పిడచకట్టుకుపోతోంది. 'ఇంత పొద్దెక్కినా ఎవరూ చెలమ తవ్వలేదేం, బద్ధకస్తులు' అని విసుక్కున్నాడు. అప్పుడు తట్టింది, తవ్వాల్సింది తానేనని.

సిగ్గుతో నవ్వొచ్చింది. "అవ్వా, ఇప్పుడు తెలిసింది. నేనొట్టి మొద్దుని. కళ్లు మూసుకుంటే నాకు కనిపించింది చీకటే. దానికి పెద్ద పేరు పెట్టుకుని కూర్చున్నాను" అన్నాడు.

గుట్ట దిగి పరుగెత్తాడు. మోచేతులదాకా ఇసుకలో దిగబడి తవ్వాడు. ముందు చెమ్మ తగిలింది, తర్వాత నీళ్లు ఊరాయి. దోసిలితో తెచ్చి నోట్లో పోస్తే జింకపిల్ల ఒక గుటక వేసి మెల్లగా చెవులు ఆడించింది. అది చూసి గుబురయ్య కళ్లు తుడుచుకున్నాడు.

"మామా, ఇంతకీ నీ జ్ఞానోదయం ఏమైంది?" అని అడిగింది కోతి.

"ముందు ఆ ఇసుక అవతలకి లాగరా" అన్నాడు గుబురయ్య.

నీతి: నిజంగా తెలిసినవాడు తెలిసిందని చాటుకోడు, చేయాల్సిన పనికి లేస్తాడు.