ఫ్రీ త్రో గీత మీద శేషఫణి

యోహానును ఉంచుకోవాలా, ఆదోని వాళ్లకిచ్చేసి వాళ్ల పొడుగు కుర్రాణ్ని తెచ్చుకోవాలా? ఈ ఒక్క ముక్క తేలక శేషఫణికి వారం రోజులుగా తిండి సహించడం లేదు. ఆయన తిండి సంగతలా ఉంచండి, ఈ గోల వినలేక ఇంట్లోవాళ్లకీ, టీ కొట్టువాడికీ, మైదానంలో కుర్రాళ్లకీ తల వాచిపోయింది.

గుంతకల్లు కుర్రాళ్ల బాస్కెట్‌బాల్ జట్టుకి శేషఫణి కోచ్. ఒకప్పుడు రాష్ట్రానికి ఆడినవాడు. టోర్నమెంటుకి ముందు చుట్టుపక్కల జట్లు కుర్రాళ్లను మార్చుకోవడం అక్కడ మామూలే. అందుకు గడువు ఇవాళ సాయంత్రంతో సరి. యోహాను చిన్నప్పటి నుంచీ శేషఫణి చేతికింద పెరిగినవాడు. నిన్నమొన్నటి దాకా వాడు వేస్తే బంతి బుట్టలో పడాల్సిందే. ఈ వారం ఏం పుట్టిందో ఏమో, అన్నీ రింగుకి తగిలి బయటికే.

ఆదోని కోచ్ వీరభద్ర బేరానికి వచ్చి కూర్చున్నాడు. శేషఫణి యోహానును బోర్డు స్తంభానికి ఆనించి నిలబెట్టి ఎత్తు చూపించాడు, మోకాళ్లు నొక్కి చూపించాడు. వీడిక పెరగడని, ఎడమ చెయ్యి బొత్తిగా ఆడదని వీరభద్ర. మీ పొడుగువాడికి పొడుగు తప్ప ఏముందని శేషఫణి, మళ్లీ మొదటికి. సంతలో ఎద్దుల బేరం కూడా ఇంతసేపు సాగదు. యోహాను నేల చూస్తూ నిలబడ్డాడు. వాడికి చెవులుంటాయన్న సంగతి ఆ మహానుభావులిద్దరికీ తట్టనేలేదు.

చివరికి శేషఫణి, మైదానం అంచున కుర్చీలో కూర్చున్న ఖాదర్‌వలీ మాస్టారి దగ్గరికి వెళ్లాడు. తనకు ఆట నేర్పింది ఆయనే.

"వారం నుంచి ఇదే పాట. నా బుర్ర తినేశావు కదప్పా," అన్నారు మాస్టారు.

"మీరే తేల్చండి సార్. ఉంచుకుందామంటే వాడి చెయ్యి పాడైపోయింది."

మాస్టారు లేచి, బంతి తీసి శేషఫణి చేతిలో పెట్టి ఫ్రీ త్రో గీత చూపించారు. అక్కడి నుంచి వేసేటప్పుడు అడ్డొచ్చేవాడు ఎవడూ ఉండడు. శేషఫణి కళ్లు మూసుకుని వేసినా పడుతుంది. వేశాడు, పడింది. మళ్లీ వెయ్యమన్నారు.

ఈలోగా మాస్టారు వీరభద్ర వైపు తిరిగి, మామూలు గొంతుతోనే, ఈ శేషఫణిని తీసుకుని మీ ఊరి కోచ్ ఇంకెవరినైనా ఇటు పంపుతావా అని అడిగారు. ఆట తెలుసుగానీ ఓపిక లేదన్నారు. పొట్ట కూడా వచ్చిందన్నారు. వీరభద్ర ముందు నవ్వాడు. కానీ బేరం అలవాటు ఊరుకోనిస్తుందా, నోరు కాస్త ఎక్కువ కదా సార్ అన్నాడు. ఎక్కువే, ఓడితే పిల్లల మీద పడతాడు కూడా అన్నారు మాస్టారు.

బంతి రింగుకి తగిలి బయటికి పడింది. శేషఫణి ఏదో అనబోయి వెనక్కి తిరిగాడు.

"నీ పని నువ్వు చూసుకో. మేం నీ గురించి మాట్లాడుకుంటున్నాం, నీతో కాదు," అన్నారు మాస్టారు.

ఆ తర్వాత వేసిన బంతి రింగు దాకా కూడా పోలేదు. శేషఫణికి ఒళ్లు మండిపోయింది, ఏడుపూ వచ్చింది.

"ఇన్నేళ్లు మీ దగ్గర పడి ఉన్నాను సార్. నన్ను ఎదురుగా నిలబెట్టుకుని..."

అంతలో చూపు స్తంభం మీద పడింది. యోహాను ఇంకా స్తంభానికి ఆనుకునే ఉన్నాడు. ఇక వెళ్లొచ్చని వాడితో ఎవరూ చెప్పలేదు.

"ఇప్పుడు చెప్పు," అన్నారు మాస్టారు, "నీ చెయ్యి ఎప్పుడు పాడైంది?"

శేషఫణి యోహాను దగ్గరికి నడిచి వెళ్లి, వాడి భుజం పట్టుకుని స్తంభం నుంచి ఇవతలికి తీసుకొచ్చాడు. మరి మన బేరం సంగతేమిటని వెనక నుంచి వీరభద్ర అడుగుతూనే ఉన్నాడు.