కొమ్మన్న మాటలు, తిరుపాలు బాణీ

అనగనగా, వానలు మాట తప్పకుండా కురిసే రోజుల్లో, మణిసీమ అనే రాజ్యంలో కొమ్మన్న అనే పాటగాడు ఉండేవాడు. అతనికి తోడు తిరుపాలు. తిరుపాలు కిన్నెర మీద బాణీ కట్టేవాడు. ఆ బాణీలో కొమ్మన్న మాటలు పొదిగేవాడు.

ఇద్దరూ కలిసి ఒక వానపాట కట్టారు. అది జనం నాలుకల మీదికి ఎక్కి కూర్చుంది. నాట్లు వేసేచోట అదే, పడవ దాటేచోట అదే, ఉయ్యాల ఊపేచోట అదే. అందరూ దాన్ని కొమ్మన్న పాట అనేవారు. కొమ్మన్న కాదనేవాడు కాదు. పాడే నోరు నాదే కదా అని సరిపెట్టుకునేవాడు. పక్కనే తిరుపాలు తలవంచుకుని కిన్నెర తీగలు సవరించుకునేవాడు.

ఒకనాడు తిరుపాలు చెల్లెలి ఊరికి వెళ్లాడు. సరిగ్గా అప్పుడే భోగరాజు వచ్చాడు. ఈ భోగరాజు ఒక పెద్ద మేళానికి యజమాని. అతనికి పట్టు తెరలున్నాయి, ఎడ్లబళ్లున్నాయి, గొంతున్న పాటగాళ్లున్నారు. లేనిదల్లా మంచి పాట ఒక్కటే.

మణిసీమలో ఇచ్చిపుచ్చుకోవడాలకు ఒక ఆచారం ఉంది. పుచ్చుకునేవాడు తనకేం కావాలో మూడు మాటల్లో విడమరచి చెప్పాలి. ఒక్కొక్క మాటకీ ఇచ్చేవాడు "అలాగే" అని ఒప్పుకోవాలి. ఆ తర్వాత తాంబూలం అందుకుంటే, అది రాజముద్ర పడినట్టే.

భోగరాజు సాక్షుల ముందు మొదటి మాట చెప్పాడు. వానపాట ఇకపై తన మేళం పాడుతుందన్నాడు. కొమ్మన్న పొంగిపోయి అలాగే అన్నాడు. ఆ పొంగులోనే అతని బుర్రలో కొత్త పాట ఒకటి మొలిచింది. చరణంలో ఒక మాట కుదరక అతను దాని వెంట పడ్డాడు. ఇక ఎదుట ఏనుగు ఘీంకరించినా వినపడదు. రెండో మాట, తన మేళం తప్ప మరెవ్వరూ పాడకూడదని. కొమ్మన్న అలాగే అన్నాడు. మూడో మాట, కట్టినవాడు కూడా పాడకూడదని. కొమ్మన్న దానికీ అలాగే అని చెయ్యి చాచి తాంబూలం అందుకున్నాడు. అదిగో, అక్కడే కొంప మునిగింది.

మర్నాడు పొలంలో నాట్లు వేసేవాళ్లు అడిగితే వానపాట ఎత్తుకున్నాడు. భోగరాజు మనుషులు వచ్చి గట్టు మీంచి దింపేశారు. తర్వాత రేవులో పడవవాడు అడిగాడు. అక్కడా అడ్డుపడ్డారు. మూడోసారి అడిగింది ఇంట్లో భార్య అచ్చమ్మ. మనవడు ఉయ్యాలలో ఏడుస్తున్నాడు, రెండు చరణాలు పాడమంది. అక్కడ ఆపేవాళ్లెవరూ లేరు. అయినా కొమ్మన్న భయంతో పాడలేదు. తన పాట తనకే పరాయిదైపోయిందని కుమిలిపోయాడు.

ఇంతలో తిరుపాలు తిరిగి వచ్చాడు. జరిగిందంతా విన్నాడు.

"అన్నా, మాటలు నీవి, నీ ఇష్టమొచ్చినట్టు ఇచ్చుకున్నావు. నా బాణీ ఇచ్చెయ్యడానికి నువ్వెవరివి?" అని కిన్నెర భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

కొమ్మన్నకు సిగ్గుతో ముఖం మాడిపోయింది. ఆ ప్రశ్నే మళ్లీ మళ్లీ చెవిలో తిరిగింది. తిరగ్గా తిరగ్గా అందులోనే దారి కనిపించింది. పరుగున పోయి తిరుపాలు చెయ్యి పట్టుకున్నాడు. తప్పు ఒప్పుకుని, బతిమాలి, అతన్ని వెంటబెట్టుకుని రాణి కుముదిని సభకు వెళ్లాడు.

రాణి భోగరాజును పిలిపించింది. అతను సాక్షులతో సహా వచ్చాడు. ఆమె కొమ్మన్న వైపు తిరిగి, అలాగే అన్నావా అని అడిగింది.

"అన్నానమ్మా. మూడుసార్లూ అన్నాను. విని మాత్రం అనలేదు."

"వినకపోవడం నీ తప్పు. ఆయన తప్పు కాదు" అంది రాణి.

కొమ్మన్న సభను కలయజూశాడు. సభ నిండా అతని పాటను మెచ్చినవాళ్లే ఉన్నారు. ఇన్నేళ్లుగా మింగేసిన మాట ఇప్పుడు వాళ్లందరి ముందూ కక్కక తప్పదు.

"ఆ పాట నా ఒక్కడిది కాదు తల్లీ. మాటలే నావి. మీరు మెచ్చిన ఆ బాణీ తిరుపాలుది. అతని పేరు నేను ఏనాడూ చెప్పలేదు."

సభలో గుసగుసలు పుట్టాయి. తిరుపాలు తలెత్తి కొమ్మన్నను చూశాడు. అతని కళ్లు చెమర్చాయి.

రాణి భోగరాజుతో ఇలా చెప్పింది. "కొమ్మన్న మాటలు ఇచ్చాడు, అవి నీవే, పట్టుకెళ్లు. తిరుపాలు నీ తాంబూలం ముట్టలేదు కాబట్టి బాణీ అతనిదే."

అంతేగా అనుకున్నాడు భోగరాజు. వేరే బాణీ కట్టమని అక్కడికక్కడే తన పాటగాళ్లకు చెప్పాడు. మొదటివాడి బాణీ అయిపోయింది గాని మాటలు ఇంకా మిగిలిపోయాయి. రెండోవాడు పాడుతుంటే ఎవరో పోయినట్టు వినిపించింది. మూడోవాడు సగంలో తనకే నవ్వొచ్చి ఆపేశాడు. రాణి కొంగు అడ్డం పెట్టుకుంది.

భోగరాజు దొంగ కాదు, కాస్త ఆశపోతు అంతే. పాత మాట వదులుకుని, ఈసారి ఇద్దరి ముందూ తాంబూలం పెట్టాడు. వచ్చే వానల దాకా జాతరల్లో తన మేళం పాడుతుందన్నాడు. కట్టినవాళ్లు ఎక్కడైనా పాడుకోవచ్చన్నాడు. పాటకు ముందు ఇద్దరి పేర్లూ చెప్పిస్తానన్నాడు. కొమ్మన్న ఒక్కొక్క మాటనూ మళ్లీ చెప్పించుకుని విన్నాడు. చెప్పి చెప్పి భోగరాజుకు నోరెండిపోయింది. అప్పుడుగాని ఇద్దరూ అలాగే అనలేదు.

సభ దాటాక కొమ్మన్న హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. గుండెల మీంచి బండ దిగినట్టయింది. రేవులో పడవవాడు భయం భయంగానే కొమ్మన్న పాట పాడమని అడిగాడు.

"బాణీ తిరుపాలుది, మాటలు నావి" అని ముందుగా చెప్పి, కొమ్మన్న గొంతెత్తాడు. తిరుపాలు కిన్నెర అందుకున్నాడు. ఇల్లు చేరేదాకా ఆ పాట ఆగలేదు. ఉయ్యాల దగ్గర మరోసారి మొదలైంది, పసివాడు నిద్రపోయాడు.

కాబట్టి పిల్లలూ, ఏమిస్తున్నామో పూర్తిగా విన్నాకే చెయ్యి చాచాలి, నలుగురూ మెచ్చిన రోజే తోటివాడి పేరు కూడా చెప్పాలి.