బొమ్మరెక్కల ఈగ మీద నింద

అనగనగా ఒక ఊళ్ళో, ఉల్లిగడ్డలు పండే ఊళ్ళో, ఓబులేసు అని ఒక రైతు ఉండేవాడు. ఆయన గడ్డల కొట్టానికి కాపలా సుంకులమ్మ. కొట్టం పక్కనే ఒక గుడిసె. ఆ ముసలమ్మకి ఉన్న నీడంతా అదే.

ఒక ఏడాది గడ్డలు పీకగానే ముసురు పట్టింది. పక్క చేను రంగన్న గడ్డలు అప్పటికే ఎండి కొట్టం చేరాయి. అది చూసి ఓబులేసు కుళ్ళుకున్నాడు. అప్పుడు తన తడి గడ్డలు తడిగానే కొట్టంలో పోయించాడు. మూడు ఎండలు తగలనియ్యయ్యా అని సుంకులమ్మ ఒకసారి చెప్పింది, రెండుసార్లు చెప్పింది. మూడోసారి చెప్తే నోరు ముయ్యమన్నాడు. చూశావా పొగరు!

ఆ తర్వాత గడ్డలు కుళ్ళాయి. కుళ్ళవూ మరి? ఆ వాసనకి బొమ్మరెక్కల ఈగలొచ్చాయి. చిట్టి ఈగలే బంగారూ, రెక్కల మీద కాటుకతో ముగ్గేసినట్టు నల్లటి గీతలు. నడుస్తూ రెక్కలాడిస్తాయి. మగ ఈగ అలా ఆడి ఆడ ఈగకి చూపించుకుంటుంది. ఆడ ఈగేమో కుళ్ళిన చోటే గుడ్లు పెడుతుంది, దాని పిల్లలకి అదే తిండి.

ఓబులేసు ఏమన్నాడో తెలుసా? ఈగలే గడ్డల్ని కుళ్ళబెట్టాయట. తలుపు తీసి వాటిని రానిచ్చింది సుంకులమ్మట. గుడిసె ఖాళీ చెయ్యాలట. ఆడలేక మద్దెల ఓడన్నట్టు లేదూ? చెప్తుంటేనే నాకు ఒళ్ళు మండుతోంది.

సుంకులమ్మ ఏడవలేదు. వారం గడువడిగి మూడు కుండలు తెచ్చింది. ఒకదాంట్లో ఎండిన మంచి గడ్డ, దాంతో నాలుగు ఈగలు. రెండోదాంట్లో ఇంకా కుళ్ళని తడి గడ్డ, ఈగలు లేకుండా. మూడోదాంట్లో కుళ్ళిన గడ్డ, మళ్ళీ నాలుగు ఈగలు. మూడింటికీ పలచటి గుడ్డ కట్టింది.

వారం తిరిగాక ఊరంతా చేరింది. అప్పుడు గుడ్డలు విప్పింది. మొదటి కుండలో ఈగలు తిరుగుతూనే ఉన్నాయి, గడ్డకి ఏమీ కాలేదు. రెండో కుండలో ఈగే లేదు, అయినా గడ్డ కుళ్ళి నీరు కారుతోంది. మూడో కుండలో తెల్లటి పురుగులు లుకలుకలాడుతున్నాయి.

ఆ కుండలోంచి ఒక ఈగ లేచి, పోయి పోయి ఓబులేసు గుండెల మీద వాలింది. అక్కడే నిలబడి రెక్కలాడించింది.

"కుళ్ళు ముందు ఎక్కడ పుట్టిందో దానికి తెలుసయ్యా" అంది సుంకులమ్మ.

ఊరంతా నవ్వింది. ఓబులేసు మళ్ళీ గుడిసె మాట ఎత్తలేదు. ఎత్తితే ఊరుకుంటారా ఏం?

ఆట ఈగకి, సిగ్గు అయ్యకి,
గుడిసె అవ్వకి, కథ కంచికి,
నిద్ర నా బంగారు కంటికి.