రెండు గాలుల మధ్య కొండ

కూర్మయ్యగారు ఎవరేమడిగినా వెంటనే బదులిచ్చేవారు కారు. మందస వైపు కొండల కింద ఉన్న చిన్న వాతావరణ కేంద్రంలో ముప్ఫై ఏళ్ళు పనిచేసి పదవీ విరమణ చేశారు. అయినా శిష్యురాలు హైమవతికి పని నేర్పడానికి రోజూ వచ్చేవారు. చైత్రమాసంలో ఒక ఉదయం ఆమె అడిగింది: "పిడుగులు పడతాయని చెప్పాక పడకపోతే, రేపు మన మాట ఎవరు నమ్ముతారు గురువుగారూ?"

ఆయన కంప్యూటర్ తెర మీది పటం వైపు చూపించారు. సముద్రపు తేమగాలీ పడమటి పొడిగాలీ కలిసే గీత తెల్లవారేటప్పటికి కొండకు అవతల ఉంది. తొమ్మిదింటికి ఇవతలికి వచ్చింది. పదింటికి మళ్ళీ వెనక్కి పోయింది. అది ఎక్కడ నిలిస్తే అక్కడ పిడుగులు పడతాయి. ఎక్కడ నిలుస్తుందో ఇద్దరికీ తెలియదు.

అంతలో ఎర్రమ్మ అనే ఆవిడ గుమ్మంలోకి వచ్చింది. ఏడో నెల గర్భంతో ఉన్న ఆమె కోడలు జీడిపిక్కలు ఏరడానికి మరో పదిమంది ఆడవాళ్ళతో కొండెక్కింది.

"ఆన పడతాదా అమ్మా?"

"పిడుగుల వాన పడే అవకాశం నూటికి నలభై పాళ్ళు," అంది హైమవతి.

"నలబయ్యంటే నానేటి సెయ్యాల? పిల్లని దిగమనాలా, ఉండమనాలా?"

హైమవతి మళ్ళీ పటం వైపు తిరిగింది. కూర్మయ్యగారు కల్పించుకుని, దిగడానికి ఎంతసేపు పడుతుందని అడిగారు. గంట పైనే అంది ఎర్రమ్మ.

"అయితే అందరినీ ఇప్పుడే దిగమని ఫోన్ చెయ్యమ్మా. వస్తుందో రాదో నాకు తెలీదు. తెలిసేసరికి ఆ గంట మిగలదు."

ఎర్రమ్మ ఫోన్ చేసి కొండ మొదటికి పరుగెత్తింది. ఆ గంటా హైమవతి పటానికీ కిటికీకీ మధ్య తిరుగుతూనే ఉంది. గీత కొండ మీదికి వచ్చింది. గాలి ఆగిపోయింది, ఆకు కదలలేదు. శిఖరం నల్లబడి ఒక్క ఉరుము ఉరిమింది.

ఆ తర్వాత గీత మెల్లగా సముద్రం వైపు జరిగిపోయింది. ఆడవాళ్ళు కిందికి చేరేసరికి ఎండ పెళపెళలాడుతోంది. చినుకైనా పడలేదు.

కూలీల పెద్ద సింహాలమ్మ నేరుగా కేంద్రానికే వచ్చింది. "సగం రోజు పని పోనాది. ఏటి సూసి సెప్తారు మీరు?"

హైమవతి తల దించుకుంది. "పోయింది, నిజమే," అన్నారు కూర్మయ్యగారు.

సింహాలమ్మ గొణుక్కుంటూ గేటు దాకా వెళ్ళింది. అక్కడ ఆగి, వెనక్కి తిరిగింది. "రేపెలగుంటాది? ఎక్కొచ్చునా?"

హైమవతి గురువుగారి ముఖంలోకి చూసింది.

"నన్ను కాదు, పటం చూడు," అన్నారాయన. "ఆవిడ నిలబడి ఉంది."