రేవు మూయించిన కమ్మరి

అనగా అనగా, ఏటికి ఇవతల ఒక రాజ్యం, అవతల ఒక రాజ్యం. నడుమ పడవల రేవు.

ఇవతలి రాజ్యంలో ముకుందాచారి అనే కమ్మరి ఉండేవాడు. నాగళ్లకు ఇనుప కర్రులు చేసేవాడు. పంట నూర్చిన రోజున రైతులు కళ్లంలోనే అతనికి ఇంత గింజ కొలిచేవారు. దాన్ని మేర అనేవారు. ఆ మేరతోనే అతని ఇంట్లో పొయ్యి వెలిగేది.

ఇంతలో అవతలి కర్రులు పడవలెక్కి వచ్చాయి. చవక. రాయి తగిలినా వంగవు. ముకుందాచారి కొలిమి చల్లారింది. పిల్లలు గంజితో పడుకున్నారు.

ఏరువాక నాడు రాజు తొలిచాలు దున్ని, ప్రజల మొర వినడం ఆ దేశపు ఆనవాయితీ. కమ్మరులందరి తరఫునా ముకుందాచారి చేతులు జోడించాడు.

"ప్రభూ, ఒక్క ఏడాది రేవు మూయించండి. ఈలోగా ఇనుము వంగకుండా వాళ్లలా పదును పెట్టడం నేర్చుకుంటాం."

అడిగినదాంట్లో అన్యాయం లేదు. అవతలి సరుకు దిగకుండా రాజు రేవుకు ముళ్లకంచె కట్టించాడు. "మన కర్రే మన గౌరవం!" అని దండోరా మోగింది.

కొలుములన్నీ మళ్లీ మండాయి. కర్రు ఎలా ఉన్నా రైతు తీసుకోక తప్పదు. ఇక నేర్చుకునే తొందర ఎవరికి?

రెండో ఏరువాకకు, "ఇంకొక్క ఏడాది ప్రభూ" అన్నాడు ముకుందాచారి. రాజు సరేనన్నాడు. దండోరా మరింత గట్టిగా మోగింది. అవతలి రాజుకు ఒళ్లు మండి, ఇవతలి రైతులు తన దేశంలో అమ్ముకునే నువ్వులు ఇక తన గడ్డ మీద దిగరాదన్నాడు.

ఆ ఏడు నూర్పిళ్లప్పుడు ముకుందాచారి మేర కోసం గురవమ్మ అనే రైతు కళ్లానికి వెళ్లాడు. ఆమె వంగిన కర్రును అతని కాళ్ల ముందు పడేసింది.

"ఏం ఆచారీ, పెద్ద గంపే తెచ్చావు! నీ కర్రు రెండు చాళ్లకే తల వంచింది. సగం చేను బీడు పెట్టాను. కొనేవాడు లేక నువ్వులు పురుగు పడుతున్నాయి. గింజలేవీ కొలవడానికి? గౌరవం కొలవనా, ఎన్ని మానికలు కావాలి?"

అంటూనే దోసెడు గింజలు పోసింది. ఆ గింజలతోపాటు వంగిన కర్రునూ గంపలో వేసుకుని అతను ఇల్లు చేరాడు.

మూడో ఏరువాక వచ్చింది. తోటి కమ్మరులు వెనకనుంచి మోచేత్తో పొడిచారు. "అడుగు బాబాయ్, ఇంకొక్క ఏడాది!"

ముకుందాచారి ఆ వంగిన కర్రును రాజు ముందు పెట్టాడు.

"ప్రభూ, రెండేళ్లు ఇచ్చారు. మేం ఏమీ నేర్వలేదు. మంచి కర్రు కంటబడక, మాది చెడ్డదన్న సంగతే మరిచిపోయాం. కంచె తీయించండి. నేను అవతలికి వెళ్లి, వాళ్ల కొలిమిలో తిత్తి ఊదైనా నేర్చుకొస్తాను."

"ద్రోహి!" అన్నారు వెనకవాళ్లు. రాజు ఆ కర్రును చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. ఆపైన కంచె పీకించాడు.

అవతలి రాజూ మెత్తబడ్డాడు; నువ్వుల బస్తాలు ఏరు దాటాయి. ముకుందాచారీ దాటాడు. ఏడాదిపాటు పరాయి కొలిమిలో తిత్తి ఊదాడు. అన్నాళ్లూ అతని ఇంటికి గురవమ్మే గింజలు పంపింది. "మేర ముందే కొలుస్తున్నాను. ఈసారీ కర్రు వంగిందో, నీ సంగతి చెబుతా!" అని కబురు పెట్టింది.

తిరిగొచ్చి అతను చేసిన తొలి కర్రు గురవమ్మ చేలోనే దిగింది. రాయి తగిలి ఖంగుమంది. వంగలేదు.

కంచె గడువు ఇస్తుంది గాని పనితనం ఇవ్వదు. ఆ గడువును వృథా చేస్తే, ఒకరి ఆకలి ఊరందరి కంచాల్లోకీ వస్తుంది.