చింతగింజంత మహారాజు

ఒకానొక రాజ్యంలో, ఇప్పుడు ఏ పటంలో వెతికినా దొరకని మణివాడలో, పేరిభట్టు అనే ఆస్థాన విదూషకుడు ఉండేవాడు. తనంత వినయవంతుడు ఎక్కడా లేడని ఊరంతా తనే చెప్పుకుని తిరిగేవాడు. చెప్పకపోతే పాపం జనానికి తెలిసేదెలా?

అక్కడి రాజు ఉద్దండ భూపతి. సూర్యవంశం వాడు. తన తేజస్సుకు జనం కళ్ళు పోతాయని, విన్నపాలన్నీ కోటగుమ్మం దగ్గరే నిలబడి అరిచి చెప్పుకోమన్నాడు. సింహాసనమేమో మైదానానికి ఆ కొసన!

ఒకనాడు పొద్దున్నే పేరిభట్టు అక్క బుచ్చమ్మ మూటాముల్లెతో దిగింది.

"ఇక నేనుండేది ఇక్కడేరా తమ్ముడూ! మీ బావ నోటిదురద ఇంతపని చేసింది. ఆ జ్యేష్ఠా నక్షత్రం ఉందే, దాని కడుపులో కోట్ల సూర్యుళ్ళు పడతారని సభలో అన్నాడట. 'కంటికి చుక్కంత కనిపించేది మా వంశకర్తకంటే పెద్దదా?' అని రాజుగారు మండిపడ్డారు. సాయంత్రంలోగా రుజువు చెయ్యకపోతే దేశం వదిలి పోవాలట!"

పేరిభట్టు తల పట్టుకున్నాడు. బావ గ్రహగణితంలో దిట్ట, లోకజ్ఞానంలో సున్నా. అక్క అప్పుడే వంటింట్లో జాడీలన్నీ సర్దేస్తోంది.

"ఈ ఉప్పుజాడీ ఇక్కడెవడు పెట్టాడ్రా?"

ఆ ఒక్క మాటతో అతనికి కర్తవ్యం బోధపడింది. ఉత్తరీయం భుజాన వేసుకుని కోటకు పరుగెత్తాడు. గుమ్మం దగ్గర ద్వారపాలకుడు వీరన్న ముందు సాష్టాంగపడ్డాడు.

"మహాప్రభో! శరణు!"

వీరన్న ఎగిరి వెనక్కు గెంతాడు. "అయ్యా, లేవండి! నా కొలువు ఊడగొట్టకండి!"

మైదానం ఆ కొస నుంచి గర్జన వినిపించింది. "ఓరి భట్టూ! రాజును నేనిక్కడుంటే బంటుకు మొక్కుతావా?"

"ఏం చెయ్యమంటారు ప్రభూ!" గొంతు చించుకున్నాడు పేరిభట్టు. "కంటికి ఎంత కనిపిస్తే అంతేనని తమ తీర్పాయె. వీరన్న తాటిచెట్టంత ఉన్నాడు. తమరు చింతగింజంత ఉన్నారు. పెద్దవాడికే కదా దండం!"

"మూర్ఖుడా! దూరంగా ఉన్నాను కాబట్టి చిన్నగా కనిపిస్తున్నాను!"

"ఆ ముక్కే జ్యేష్ఠ తరఫున మా బావ అంటే, దేశం వదలమన్నారు ప్రభూ!"

మైదానం ఆ కొసన చింతగింజ కదిలింది. అరచెయ్యంత అయింది, ఆనపకాయంత అయింది, ఆఖరికి నిలువెత్తు రాజయింది. దగ్గరికొచ్చాక గానీ తెలియలేదు, పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడని.

రాజు తన శాలువా తీసి పేరిభట్టుకు కప్పాడు. బావగారి శిక్ష రద్దుచేశాడు. "ఏదీ, ఈ సాయంత్రం ఆ జ్యేష్ఠను నువ్వే చూపించు" అన్నాడు.

చీకటి పడుతుండగా మేడమీద పేరిభట్టు ఠీవిగా వేలు చాపాడు. వెనక నిలబడ్డ బావ గుట్టుగా అతని మోచెయ్యి పక్కకు జరిపాడు.

ఆకాశంలో ఎర్రగా వెలిగేవాటిలో ఏది జ్యేష్ఠో, ఏది అంగారకుడో పేరిభట్టుకు ఇప్పటికీ తెలియదు. అక్క సర్దిపోయిన ఉప్పుజాడీ ఎక్కడుందో కూడా.